వరహాలమ్మ సున్నిపిండికి రెండు ముద్రలు

వరహాలమ్మగారి సున్నిపిండి సహజమైనది కాదని మొట్టమొదట కనిపెట్టింది నేనే. గొప్ప కోసం చెప్పడం లేదు. దరఖాస్తులన్నీ ముందు నా బల్ల మీదికే వస్తాయి కాబట్టి ఆ అవకాశం నాకు దక్కింది.

నా పేరు సన్యాసిరావు. సహజ ప్రసాధన ధ్రువీకరణ మండలి వారి తుని శాఖలో జూనియర్ అసిస్టెంటుని. ఇంతకుముందు చేపల శాఖలో ఉండేవాణ్ణి. అక్కడ చేపల గురించి నాకెంత తెలుసో ఇక్కడ సబ్బుల గురించి అంతే తెలుసు. ఆ సమానత్వం చూసే బదిలీ చేశారని నా నమ్మకం.

మా మండలి ఎందుకు పుట్టిందంటే, బజారులో ఏ సబ్బు తీసినా, ఏ క్రీము తీసినా, డబ్బా మీద ఒక ఆకు బొమ్మ, పక్కన ఒక నీటిబొట్టు, కింద ‘ప్రకృతి ఒడిలోంచి’ అని ఉంటోంది. ఒడి ఎవరిదో, ఎక్కడుందో జనానికి తెలియడం లేదు. అందుకని ప్రభుత్వం వారు ఒక చట్టం చేశారు. జూలై ఒకటో తారీఖు నుంచి ఒంటికి రాసుకునే ఏ సరుకైనా సరే, ముద్ర లేకుండా అమ్మకూడదు. సహజమైతే ఆకుపచ్చ ముద్ర, మండలి వేస్తుంది. కాకపోతే ఎర్ర ముద్ర, దాని మీద ‘అసహజం’ అని రాసి అమ్మేవాళ్ళే అంటించుకోవాలి. మూడో ముద్ర లేదు.

జూలై రెండో వారంలో వరహాలమ్మగారు వచ్చారు. అరవైకి దగ్గర పడిన మనిషి. చేతులకు పసుపు అంటి ఉంది. అది కడిగినా పోని పసుపని తర్వాత తెలిసింది. పిండిమర సందులో చిన్న కొట్టు ఆవిడది. భర్త పోయినప్పటి నుంచి, ముప్పై ఏళ్ళుగా సున్నిపిండి అమ్మి కొడుకుని పెంచి, పెళ్ళి చేశారు. తునిలో పుట్టిన పిల్లల్లో సగం మంది మొదటి నలుగు ఆవిడ పిండితోనే అయిందని చెప్పుకుంటారు. పక్కన కోడలు నూకరత్నం, చేతిలో ఫారంతో నిలబడింది. డిగ్రీ చదివిన పిల్ల. ఫారం ముత్యాల్లాంటి అక్షరాలతో నింపింది: పెసలు, శనగపప్పు, బియ్యం, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్ళు, ఎండబెట్టిన నారింజ తొక్కలు, గులాబి రేకులు, కస్తూరి పసుపు.

నేను ఫారం పైనుంచి కిందికి చూశాను. ఏడో గడి ఖాళీగా ఉంది.

“నీటి శాతం రాయలేదు,” అన్నాను.

“పిండండీ. అందులో నీళ్ళుండవు,” అంది నూకరత్నం.

“గడి ఖాళీగా ఉంటే దరఖాస్తు అసంపూర్ణం.”

“సున్నా అని రాయనా?”

ఇది నా స్థాయికి మించిన ప్రశ్న. ఇద్దర్నీ ఉపసంచాలకుల గదిలోకి తీసుకెళ్ళాను.

మా ఉపసంచాలకులు త్రిపురాంతకరావుగారు నిజాయితీపరులు. కాఫీ కూడా ఎవరి దగ్గరా తాగరు. ఆయనకున్న ఒకే ఒక్క బలహీనత నియమావళి. దాన్ని ఆయన నమ్మేశారు. ఫారం అందుకుని, కళ్ళజోడు సర్దుకుని, సున్నిపిండి పొట్లం వైపు ఒకసారి జాలిగా చూశారు.

“అమ్మా, సమస్త ప్రకృతికీ జలమే మూలాధారం. జలరహితమైన పదార్థాన్ని సహజమని ధ్రువీకరించుటకు ఈ కార్యాలయానికి అధికారం లేదు. నియమావళి ప్రకారం కనీస నీటి శాతం అరవై.”

ఈ అరవై ఎక్కడిదో నాకు తెలుసు. నియమావళి రాసేటప్పుడు రాజధానిలో ఎవరికీ ఏమీ తోచక, ‘అరణ్యశ్రీ’ అనే పెద్ద కంపెనీ వారి మొహం క్రీమును నమూనాగా పెట్టుకున్నారు. అందులో నీళ్ళు ఎక్కువ. కంపెనీ వారే ఫారం కూడా ఉచితంగా అచ్చువేసి ఇచ్చారు.

“నీళ్ళు పోస్తే పాడైపోదా బాబూ?” అని వరహాలమ్మగారు అడిగారు.

“అది తదుపరి దశ,” అన్నారు త్రిపురాంతకరావుగారు.

తదుపరి దశ నాలుగో రోజున వచ్చింది. వరహాలమ్మగారు నీళ్ళు కలిపిన సున్నిపిండిని స్టీలు గిన్నెలో పెట్టి, మూత పెట్టి, గిన్నెని చేతులు చాపినంత దూరంలో పట్టుకుని తెచ్చారు. మూత తీయగానే మా హెడ్ గుమస్తా కిటికీ తెరిచాడు.

ప్రయోగశాల వారు పరీక్షించి ‘నమూనాలో జీవకళ అధికముగా ఉన్నది’ అని రాసి పంపారు. బూజుకి వాళ్ళ మాట అది. నియమం పదకొండు ప్రకారం, జీవకళ కనిపించిన సరుకులో విధిగా నిల్వ మందు కలపాలి. ఆమోదించిన మందుల పట్టిక నేనే తీసి ఇచ్చాను.

“ఇది ఫ్యాక్టరీలో చేసే మందు కదండీ?” అంది నూకరత్నం, పట్టిక మీద వేలు పెట్టి. “ఇది కలిపితే సహజం ఎలా అవుతుంది?”

“ప్రకృతి సమానం,” అన్నారు త్రిపురాంతకరావుగారు. “అనగా, ఫ్యాక్టరీలో తయారైనప్పటికీ, ఇటువంటిదే ఒక శీతలదేశపు పండులో లవలేశం ఉన్నట్టు నివేదిక కలదు.”

“ఆ పండు మీరు చూశారా బాబూ?” అన్నారు వరహాలమ్మగారు.

“చూడలేదు.”

“మరి పెసలు చూశారు కదా.”

“పెసలు పట్టికలో లేవమ్మా.”

ఆవిడ ఎదురు తిరిగే మనిషి కాదు. ప్రభుత్వం అంటే ఆవిడకి వర్షం లాంటిది. తగువులాడేది కాదు, తడవాల్సిందే. మందు తెప్పించారు, కలిపారు. మళ్ళీ వచ్చారు.

ఈసారి ముగ్గురు సభ్యుల ఘ్రాణ సంఘం కూర్చుంది. నేను, హెడ్ గుమస్తా, రాజధాని నుంచి వచ్చిన ఒక పరిశీలకుడు. పరిశీలకుడు మూడుసార్లు పీల్చి కళ్ళు మూసుకున్నాడు.

“ప్రకృతి వాసన రావడం లేదు,” అన్నాడు. “పప్పుల వాసన వస్తోంది.”

“పప్పులేనండీ అవి,” అన్నారు వరహాలమ్మగారు.

“వినియోగదారుడు తప్పుదోవ పడతాడు. వంటకమనుకుంటాడు.”

ప్రకృతి వాసనకి ప్రమాణం మా దగ్గరే బీరువాలో ఉంది. రాజధాని నుంచి సీసాలో వస్తుంది. మూత తీస్తే నిమ్మకాయ పిండిన ఫినాయిలు వాసన. అయిదు చుక్కలు కలిపాం. వెంటనే పరిశీలకుడి మొహం విప్పారింది. అడవిలో ఉన్నట్టుంది అన్నాడు. ఆ తర్వాత రంగు. పసుపు రంగులో ఉన్న సరుకు మీద ఆకుపచ్చ ముద్ర వేస్తే చూపరులకు అనుమానం కలుగుతుందని ఆకుపచ్చ రంగు కలపమన్నారు. తర్వాత ట్యూబు. సహజమైనవన్నీ ట్యూబులో ఉండాలని ఎక్కడా రాసి లేదు కానీ, ముద్ర కొలత ట్యూబుకి సరిపోయేలా ఉంది. ట్యూబులో పోస్తే పిండి పలుకులు మూతికి అడ్డం పడ్డాయి.

“ఆ అడ్డం పడేది తగ్గించండి,” అన్నారు త్రిపురాంతకరావుగారు.

“అడ్డం పడేదే నా సున్నిపిండి బాబూ.”

“దాన్నే తగ్గించమంటున్నాను.”

తగ్గించారు. ముందు సగం చేశారు, తర్వాత పావు, ఆఖరికి చిటికెడు. ఆ చిటికెడు కూడా నూకరత్నం పట్టుబట్టి ఉంచింది, లేకపోతే అత్తగారి పేరు పెట్టుకోవడానికి సిగ్గుగా ఉంటుందని. సెప్టెంబరులో ఫలితం వచ్చింది: వరహాలమ్మ సున్నిపిండి, తొంభై తొమ్మిది శాతం సహజం. జిల్లాలో అదే అత్యధికం.

సభ చేశాం. పూలదండ తెప్పించాం. తాజా పూలు వాడిపోతాయని ప్లాస్టిక్‌వి. త్రిపురాంతకరావుగారు ఉపన్యాసం ఇస్తూ, “ఒక నిరుపేద మహిళ తన అసహజ పదార్థాన్ని మండలి మార్గదర్శకత్వంలో దశలవారీగా సహజత్వం వైపు నడిపించిన వైనం ఆదర్శప్రాయం,” అన్నారు. ఇకపై మండలి సిబ్బంది అందరూ ఆకుపచ్చ ముద్ర సరుకులే వాడాలని సర్క్యులర్ చదివి, మొదటి ట్యూబు తానే తీసుకున్నారు. వరహాలమ్మగారు దండలో తల వంచుకుని కూర్చున్నారు. ఫొటోలో ఆవిడ కళ్ళు మూసుకుని ఉన్నారు. మళ్ళీ తీద్దామన్నా ఒప్పుకోలేదు.

ట్యూబులు అమ్ముడుపోలేదు. బస్టాండు దగ్గర టిఫిన్ బండి ఆవిడ ఒకటి కొని, గిన్నెలు బాగా తోముతోందని చెప్పి, ఇంకోటి అడిగిందట. మిగతా జనమంతా పాత పిండి ఏదీ అని కొట్టు ముందు నిలబడేవారు. ముద్ర లేకుండా అమ్మితే నేరం. కొట్టులో సున్నిపిండి డబ్బాలు నిండుగా ఉండేవి, ముందు మనుషులు నిండుగా ఉండేవారు, మధ్యలో మా చట్టం.

అప్పుడు నూకరత్నం ఒక రాత్రంతా కూర్చుని చట్టం చదివిందట. చట్టాలు చదివేవాళ్ళుంటారని ఆ చట్టం రాసినవాళ్ళు ఊహించి ఉండరు. మర్నాడు కొట్టుకి ఎర్ర కాగితాలు అచ్చువేయించి తెచ్చింది. సహజం కాని సరుకు మీద అమ్మేవాళ్ళే ‘అసహజం’ అని అంటించుకోవచ్చు. దరఖాస్తు అక్కర్లేదు, నీళ్ళక్కర్లేదు. పెసలూ కచ్చూరాలూ కలిపిన పాత పిండి సహజం కాదని, మొదటి దరఖాస్తు తిప్పి పంపుతూ మా మండలి రాతపూర్వకంగా తేల్చింది కదా. ఆ కాగితం అద్దం కట్టించి కొట్టులో తగిలించింది.

అత్తగారికి మొదట ఇష్టం లేదు. “ముప్పై ఏళ్ళు మంచి సరుకని అమ్మి, ఇప్పుడు నా చేత్తో నేనే చెడ్డదని అంటించుకోనా?” అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారట. కానీ ఆ రోజు ఉదయమే ఒక బాలింత పసిబిడ్డని భుజాన వేసుకుని వచ్చి నిలబడింది. వరహాలమ్మగారు ఎర్ర కాగితం అంటించిన పొట్లం చేతిలో పెట్టారు.

ఆ పొట్లం వెంట ఇంకో పొట్లం, దాని వెంట ఇంకోటి. దసరా నాటికి తునిలో ‘అసహజం’ అంటే మంచిదని అర్థం మారిపోయింది. బజారులో ఆడవాళ్ళు మాట్లాడుకోవడం నేనే విన్నాను. “ఇది అచ్చమైన అసహజమేనా? కల్తీ లేదు కదా?” పెళ్ళివారు “పెళ్ళికూతురికి అసహజం మూడు కిలోలు కావాలండీ” అని ముందే చెప్పి వెళ్ళేవారు. మా ఇంట్లో కూడా అదే వాడేవారు. సర్క్యులర్ సంగతి మా ఆవిడకి చెప్పాను. సర్క్యులర్ నువ్వు రుద్దుకో అంది.

ఈ మాట పైకి పాకింది. ‘అరణ్యశ్రీ’ కంపెనీ వారు తమ క్రీముకి కూడా ఎర్ర ముద్ర కావాలని, దాన్నీ మండలే పరీక్షించి ఇవ్వాలని రాజధానికి వినతిపత్రం పెట్టుకున్నారు. వాళ్ళ వెనకే ఇంకో పన్నెండు కంపెనీలు. ఎవరుపడితే వారు అసహజమని చెప్పుకుంటే నిజమైన అసహజ సరుకు తయారుచేసేవారు నష్టపోతారని వాళ్ళ వాదన. మండలి వారికి అది న్యాయంగా తోచింది. వెంటనే అసహజ నిర్ధారణ విభాగం ఏర్పడింది. ఇకపై ఎర్ర ముద్ర వేసుకునేవారి సరుకులో కృత్రిమ పదార్థం కనీసం పది శాతం ఉన్నట్టు రుజువు కావాలి.

మొదటి నమూనా వరహాలమ్మగారిదే. నివేదిక వారం లోపల వచ్చింది. అందులో ఒకటే వాక్యం: ‘సదరు నమూనాలో కృత్రిమ పదార్థము జాడ మాత్రముగానైనను కనబడలేదు.’

త్రిపురాంతకరావుగారు దిగ్భ్రాంతి చెందారు. నిజంగానే బాధపడ్డారు.

“నమ్మించి మోసం చేసిందయ్యా,” అన్నారు నాతో. “అసహజమని చెప్పి, లోపల పెసలు అమ్ముతోంది.”

నోటీసు తయారైంది. ఏడు రోజుల్లోగా సరుకులో అసహజత్వాన్ని రుజువు చేయాలి, లేదా కొట్టు మూయాలి. తీసుకెళ్ళి ఇచ్చే పని నాది.

నేను వెళ్ళేసరికి వరహాలమ్మగారు చాట ముందేసుకుని పెసల్లో రాళ్ళేరుతున్నారు. నోటీసు నూకరత్నం చదివింది. సగంలోనే ఆ పిల్ల కాగితం నాకు తిరిగిచ్చేసింది. మిగతాది నేను చదివాను. వరహాలమ్మగారు ఏరడం ఆపలేదు. అంతా అయ్యాక గుప్పెడు పెసలు తీసి నా ముందు చెయ్యి చాపారు.

“సహజం కాదన్నారు బాబూ. సరే అన్నాను. ఇప్పుడు అసహజమూ కాదంటున్నారు. మరి ఇదేటి? నా చేతిలో ఉన్నదేటో మీరే చెప్పండి, అదే రాయించుకుంటాను.”

ఆ చెయ్యి అలాగే ఉంచారు. నేను చేపల శాఖలో పదకొండేళ్ళు, ఇక్కడ ఆరేడు నెలలు పనిచేశాను. నన్ను ఎవరూ ఏదీ అలా అడగలేదు. పెసలండీ అని చెప్పొచ్చు. కానీ నేను యూనిఫారం లేకపోయినా డ్యూటీలో ఉన్నాను. అలాంటి పెద్ద మాట నా స్థాయిలో అనడానికి వీల్లేదు.

నోటీసు ఇచ్చేటప్పుడు సంబంధిత చట్టాన్ని చదివి వినిపించాలని ఒక నియమం ఉంది. ఎవరూ పాటించరు. ఆ రోజు నేను పాటించాను. సంచిలోంచి పుస్తకం తీసి, మొదటి పేజీ నుంచి, స్కూల్లో పద్యం అప్పజెప్పినట్టు బిగ్గరగా చదివాను. రెండో సెక్షన్ దగ్గర కొంచెం నెమ్మదించాను.

“సరుకు అనగా, సీసా, డబ్బా, ట్యూబు, పొట్లము మొదలైన వాటియందు అమ్మువాడు ముందుగా నింపి, మూసి, అమ్మకమునకు ఉంచినది.”

నూకరత్నం తలెత్తింది.

“నా గొంతు బాగాలేదు,” అన్నాను. “మళ్ళీ చదువుతాను.” మళ్ళీ చదివాను. ‘ముందుగా నింపి, మూసి’ దగ్గర దగ్గొచ్చింది. అందుకని అది మూడోసారి కూడా చదవాల్సి వచ్చింది.

సంతకం తీసుకుని వచ్చేశాను. ఉద్యోగంలో చేరాక నేను చేసిన మొదటి పని అదేనని నాకు అనిపించింది.

ఎనిమిదో రోజున కొట్టుకి సీలు వేయడానికి త్రిపురాంతకరావుగారు స్వయంగా బయల్దేరారు. జీపులో ఆయన పక్కన కూర్చున్నప్పుడు గమనించాను. మొహం మీద రుమాలు కట్టుకున్నారు. దుమ్ముకేమో అనుకున్నాను. కానీ మెడ దాకా ఎర్రగా కంది, పొక్కులు లేచి ఉన్నాయి. చేతివేళ్ళు మాటిమాటికీ చెంప మీదికి వెళ్ళి, ఆయన లాక్కుంటే వెనక్కి వస్తున్నాయి. సర్క్యులర్ ప్రకారం ఆకుపచ్చ ముద్ర ట్యూబుని పొద్దునా సాయంత్రమూ తప్పకుండా రాసుకున్నది మా ఆఫీసు మొత్తానికి ఆయన ఒక్కరే.

పిండిమర సందు నిండా ఆడవాళ్ళు. ఒక్కొక్కరి చేతిలో ఒక్కోటి: స్టీలు క్యారేజీ గిన్నె, హార్లిక్సు సీసా, పాత బిస్కెట్ల డబ్బా, ఒకావిడ చేతిలో ఇత్తడి చెంబు. కొట్టులో ఒక్క పొట్లం లేదు, ఒక్క కాగితం లేదు. ఎర్రదీ లేదు, పచ్చదీ లేదు. మధ్యలో ఒక పెద్ద గంగాళం, అందులో సున్నిపిండి. వరహాలమ్మగారు సోలతో కొలిచి, తెచ్చుకున్నవాళ్ళ గిన్నెల్లో పోస్తున్నారు.

“సరుకు ఎక్కడ?” అన్నారు త్రిపురాంతకరావుగారు.

“రెండో సెక్షన్ ప్రకారం ఇక్కడ సరుకు లేదండీ,” అంది నూకరత్నం. “నింపలేదు, మూయలేదు. పిండి మాత్రం ఉంది.”

ఆయన నా చేతిలోంచి పుస్తకం తీసుకున్నారు. రెండో సెక్షన్ నిలబడే చదివారు. ఆడవాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని ఆయన్నే చూస్తున్నారు. వేరే ఎవరైనా అయితే అరిచేవారు, ఏదో వంక పెట్టేవారు. త్రిపురాంతకరావుగారు పుస్తకం మూశారు. నేను సీలు వేసే లక్క సంచిలో పెట్టుకున్నాను.

“నియమావళి ప్రకారం సీలు వేయదగిన వస్తువు లభ్యం కాలేదు. అలాగే రాసుకోండి సన్యాసిరావుగారూ.”

రాసుకున్నాను. ఆయన మాత్రం కదల్లేదు. జనం ఒక్కొక్కరే గిన్నెలు నింపుకుని వెళ్ళేదాకా పక్కన అరుగు మీద కూర్చున్నారు. ఆఖరు మనిషి కూడా వెళ్ళాక లేచి, గంగాళం దగ్గరికొచ్చి, రుమాలు తీశారు. నూకరత్నం ‘అయ్యో’ అనేసింది.

“కొంచెం పిండి కావాలమ్మా,” అన్నారు. ఆయన గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. “రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.”

వరహాలమ్మగారు సోల పక్కన పెట్టారు. ఆయన గడ్డం పట్టుకుని, చంటిపిల్లాడి మొహంలా వెలుగులోకి తిప్పి, అటూ ఇటూ చూశారు. నవ్వలేదు, దెప్పలేదు.

“ముందు ఆ ట్యూబు మానెయ్యండి బాబూ. నా పిండి కూడా వద్దు. ఇలా చిట్లిన చర్మానికి ఏదీ తగలకూడదు. ఒట్టి నీళ్ళతో కడుక్కుని, ఇవాళే చర్మం డాక్టరుకి చూపించుకోండి.”

“మీది సహజమైనదే కదమ్మా!” అన్నారాయన. ఆ మాట ఆయన నోటివెంట మండలి తీర్మానం లేకుండా వచ్చింది.

“సహజమైతే మాత్రం? మంచిదైపోద్దేటి? జిల్లేడు పాలు సహజం కాదేటి? కంట్లో పోసుకుంటామా?”

త్రిపురాంతకరావుగారు మళ్ళీ జీపెక్కారు. ఆసుపత్రికి పోనివ్వమని డ్రైవరుకి చెప్పారు. రైల్వే గేటు దగ్గర జీపు ఆగింది. ఆయన నెమ్మదిగా నా వైపు తిరిగారు.

“సన్యాసిరావుగారూ, ఈ జిల్లేడు పాలతో ఎవరైనా మనకి దరఖాస్తు పెట్టుకున్నారా?”

“పెట్టుకున్నారండీ.”

“ఏం చేశాం?”

“కిందటి నెలే ఆకుపచ్చ ముద్ర వేశామండీ. కంటి కింద నల్లచారలకి.”